వంటింటికి నాలుగక్షరాలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, పేపర్ అనుబంధంలో వచ్చే గళ్ల పజిల్ ముందేసుకుని కూర్చున్నాను. మా ఇంట్లో ఆ పేజీ నాదని అందరికీ తెలుసు. మా వారు సినిమా పేజీ చదివి పడుకుంటారు, మా అమ్మాయి అసలు పేపరే ముట్టుకోదు.

అడ్డం ఆధారాల్లో ఒకటి: "వంటిల్లు (4)".

నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్లుగా రోజుకి ఆరేడు గంటలు నేనుండే చోటు అది. దానికి మాట తెలియకపోతే ఇంక దేనికి తెలుస్తుంది? ఆలోచించకుండా పెన్నుతో "పాకశాల" అని రాసేశాను. అక్కడే చిక్కొచ్చింది. నాలుగో గడి నుంచి కిందికి దిగే మాటకి ఆధారం "చీకటి (3)". మధ్య గడిలో "మి" అని అప్పటికే తేలిపోయింది. అంటే అది "తిమిరం". మరి వంటింటి మాట చివర "ల" కాదు, "తి" ఉండాలి. పాకశాల కొట్టేశాను. వంటశాల కూడా కుదరదు. మహానసం అని ఎక్కడో చదివినట్టు గుర్తొచ్చింది, అదీ కాదు. చివర "తి" ఉన్న వంటిల్లు ఏమిటబ్బా!

"ఫోన్లో కొట్టి చూడమ్మా" అంది మా అమ్మాయి. ఫోన్ తీశాను, కానీ వెతకలేదు, మా అమ్మకి చేశాను. అమ్మకి డెబ్బై దాటాయి. తెనాలిలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆధారం చెప్పాను, చివర "తి" అన్నాను. అవతల నుంచి క్షణం కూడా ఆలస్యం లేదు.

"రసవతి రాయి."

సరిపోయింది. ర, స, వ, తి. నాలుగు గళ్లూ నిండాయి. నేను బి.ఏ. తెలుగు చదివాను. అమ్మ ఎనిమిదో తరగతితో ఆపేసింది. "నీకెలా తెలుసమ్మా?" అంటే చెప్పిన కథ కోసమే ఈ వ్యాసం. కానీ ఆ కథ అర్థం కావాలంటే ముందు ఒకే అర్థం ఉన్న మాటల్ని మనవాళ్లు ఎక్కడ దాచుకున్నారో, వాటి తాళంచెవులు ఎవరి దగ్గర ఉండేవో కొంచెం చెప్పుకోవాలి.

ఈ రోజు నిఘంటువు అంటే లావుపాటి పుస్తకం, అకారాది క్రమం. మొదట్లో అలా కాదు. వేదాల్లో వచ్చే మాటల్ని పోగుచేసిన పాత జాబితా పేరే "నిఘంటువు". యాస్కుడి నిరుక్తం దానికి రాసిన వివరణే. ఆ జాబితా మొదలయ్యేదే పర్యాయపదాలతో. మొట్టమొదట భూమికి 21 పేర్లు వరసగా ఉంటాయి. అంటే మన దేశంలో నిఘంటువు పుట్టిందే "ఈ మాటకి ఇంకో మాట ఏమిటి" అనే ప్రశ్నతో.

తర్వాత వచ్చింది అమరకోశం. అమరసింహుడు దానికి పెట్టిన పేరు నామలింగానుశాసనం. పేర్లు, వాటి లింగాలు నేర్పే పుస్తకమన్నమాట. మూడు కాండలు, 1500 దాకా శ్లోకాలు, 10,000 దాకా మాటలు. అందులో మాటలు అ, ఆ, ఇ, ఈ వరసలో ఉండవు. చుట్టాల్లా ఒకచోట కూర్చుంటాయి. స్వర్గం, దేవతలు ఒక వర్గం. నీళ్లు, పడవలు, చేపలు, తామరలు వారివర్గం. చెట్లూ మందుమొక్కలూ వనౌషధివర్గం. మరి వంటిల్లు ఎక్కడుందనుకున్నారు? ధాన్యాలు, పప్పులు, వర్తకం ఉన్న వైశ్యవర్గంలో. రసవతి, పాకస్థానం, మహానసం అని మూడు పేర్లు పక్కపక్కనే ఉంటాయి. వీటిలో పాకస్థానం, మహానసం నపుంసక లింగం. రసవతి ఒక్కటే స్త్రీలింగం. రసం కలది అని అర్థం. ఉత్తరాది వాళ్లు "రసోయీ" అనేది ఈ మాట నుంచి వచ్చిందే. "రసం కలదంటే చారున్న చోటా?" అని మా అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వనీండి, అదీ నిజమే కదా.

అమరం ఇలా శ్లోకాల్లో ఉండటానికి కారణం ఉంది. అది చూసి వెతుక్కునే పుస్తకం కాదు, కంఠతా పట్టే పుస్తకం. పొద్దున్నే గురువు ముందు కూర్చుని వల్లె వేస్తే మాట వెనక మాట దానంతటదే వచ్చేస్తుంది. తెలుగువాళ్లకి అర్థం చెప్పడానికి "గురుబాలప్రబోధిక" అనే టీక ఉండేది. తర్వాతి కాలంలో వావిళ్ల వారు దాన్ని అచ్చువేశారు. అచ్చ తెలుగు మాటలకీ ఇలాంటి పద్య నిఘంటువులు వచ్చాయి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం రాశాడు. అందులో మిగిలిపోయిన మాటల కోసం ఆడిదము సూరకవి ఆంధ్రనామశేషం రాశాడు. పేరులోనే ఉంది చూడండి, "శేషం" అని. కస్తూరి రంగకవిది సాంబనిఘంటువు.

పద్యం నోటికి వస్తే ఎంత హాయో పజిల్ నింపేవాళ్లకే తెలుస్తుంది. ఒక చిన్న కిటుకు చెప్తాను, రాసిపెట్టుకోండి. నీళ్లకి జలం, అంబువు, వారి, తోయం, నీరం, పయస్సు అని పేర్లున్నాయి కదా. వాటి చివర "జం" చేరిస్తే తామర: జలజం, అంబుజం, వారిజం, తోయజం, నీరజం. "దం" చేరిస్తే మబ్బు: జలదం, అంబుదం, వారిదం, తోయదం, నీరదం. "ధి" చేరిస్తే సముద్రం: జలధి, అంబుధి, వారిధి, తోయధి, నీరధి, పయోధి. నీళ్లలో పుట్టేది, నీళ్లు ఇచ్చేది, నీళ్లు దాచేది. అన్నీ మూడేసి అక్షరాలే. ఆరు మాటలు తెలిస్తే పదహారు గళ్లవరసలు నిండాయి.

అయితే ఒకే అర్థం అని గుడ్డిగా నమ్మితే మోసపోతాం. "తామర (4)" అంటే అరవిందం, శతపత్రం, సరసిజం, ఏదైనా కావచ్చు. "తెల్ల తామర" అంటే మాత్రం పుండరీకమే. "ఎర్ర తామర" అంటే కోకనదమే. చీరల కొట్టులో "ఎరుపు చూపించండి" అంటే కుంకుమ రంగు, దానిమ్మ రంగు, ఇటుక రంగు తీసి పరుస్తారు చూడండి, మాటలూ అంతే. అన్నీ ఎరుపులే, కానీ జాకెట్టు అన్నింటికీ కలవదు.

ఇంత బాగున్న ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. శ్లోకం నోటికి రావాలంటే చెప్పేవాళ్లు కావాలి. చెప్పే గురువు ముందు కూర్చునే వీలు కావాలి. అది ఎవరికుండేది? కొన్ని కులాల మగపిల్లలకి. మొల్ల, తరిగొండ వెంగమాంబ లాంటి కవయిత్రులు లేరా అంటే ఉన్నారు. కానీ ఇంటింటా ఆడపిల్లని కూర్చోబెట్టి అమరం చెప్పిన రోజులు కావవి. వంటింటికి మూడు పేర్లు రాసి ఉన్న పుస్తకం వంటింట్లో ఉన్న మనిషి చేతికి రాలేదు.

తలుపు కొంచెం తెరుచుకుంది అకారాది క్రమం వల్ల. మచిలీపట్నంలో మామిడి వెంకయ్య అనే వైశ్య పండితుడు 19వ శతాబ్దం మొదట్లో ఆంధ్రదీపిక తయారుచేశాడు. తెలుగు మాటల్ని అకారాదిగా పేర్చిన తొలి నిఘంటువుగా దాన్ని చెప్తారు. ఆ తర్వాత బ్రౌన్ దొర నిఘంటువు, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, 1936 నుంచి సంపుటాలుగా సూర్యరాయాంధ్ర నిఘంటువు వచ్చాయి. అ ఆలు వస్తే చాలు, ఎవరైనా పేజీ తిప్పి మాట వెతుక్కోవచ్చు. గురువు అక్కర్లేదు. కానీ ఒకటి పోయింది. అమరంలో పక్కపక్కన కూర్చున్న చుట్టాలు ఇక్కడ చెల్లాచెదరయ్యాయి. రసవతి "ర"లోకి, పాకస్థానం "ప"లోకి, మహానసం "మ"లోకి వెళ్లిపోయాయి. ఒకటి తెలిస్తే రెండోది దొరికే దారి లేదు.

ఇంగ్లీషువాళ్లకీ ఇదే ఇబ్బంది. దానికోసం పీటర్ మార్క్ రోజె అనే డాక్టరు 1852లో థెసారస్ తెచ్చాడు. అప్పటికి ఆయన వయసు 73. మాటల్ని అక్షరాల వరసలో కాకుండా అర్థాల వరసలో పేర్చాడు. నాకు తమాషాగా అనిపించింది ఏమిటంటే, ఆయన తన ముందుమాటలో మన అమరకోశం సంగతి ఎత్తాడు. కోల్‌బ్రూక్ అనువాదంతో అది 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. రోజె దాన్ని చూసి, ఆ వర్గీకరణ చాలా లోపాలతో గందరగోళంగా ఉందన్నాడు. మన పిల్లలు వెయ్యేళ్లకు పైగా నోటికి చెప్పిన పుస్తకం ఆయనకి గజిబిజిగా కనిపించింది. ఎవరి అలమరా వాళ్లకే అర్థమవుతుంది లెండి. నా పోపుల డబ్బాలో మా వారికి జీలకర్ర దొరకదు.

ఇంక గళ్ల సంగతి. 1913 డిసెంబర్ 21, ఆదివారం. న్యూయార్క్ వరల్డ్ పత్రిక అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో గళ్లు వేసి "వర్డ్ క్రాస్" అని పేరు పెట్టాడు. ఆయన పుట్టింది ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో. కొద్ది వారాలకే ఆ పేరు తిరగబడి క్రాస్‌వర్డ్ అయింది. 1924లో మొదటి క్రాస్‌వర్డ్ పుస్తకం పెన్సిలుతో సహా అమ్మితే దేశమంతా పిచ్చెక్కిపోయింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక మాత్రం ఇదంతా పాపిష్ఠి కాలక్షేపమన్నట్టు అప్పట్లో సంపాదకీయం రాసింది.

ఈ కథలో ఒక అమ్మాయి ఉంది. మార్గరెట్ పెథర్‌బ్రిడ్జ్. వరల్డ్ పత్రికలో సెక్రటరీగా చేరింది. క్రాస్‌వర్డ్ పని ఎవరికీ ఇష్టం లేక ఆమెకి అంటగట్టారు. మొదట్లో ఆమె కూడా చూడ్డానికి బాగున్న గళ్లని ఏరి అచ్చుకి పంపేసేది. తప్పుల మీద తప్పులు వచ్చేవి. ఆఫీసులో ఒక సీనియర్ రచయిత ఆ తప్పులు రోజూ ఎత్తిచూపుతుంటే, ఒకసారి తనే కూర్చుని పజిల్ నింపడానికి ప్రయత్నించింది. అప్పుడు తెలిసిందట చదివేవాళ్ల అవస్థ. ఆ తర్వాత ప్రతి పజిల్‌నీ స్వయంగా నింపి చూశాకే అచ్చుకి ఇచ్చేది. ఆ 1924 పుస్తకం సంపాదకుల్లో ఆమె ఒకరు. 1942లో న్యూయార్క్ టైమ్స్ మనసు మార్చుకుని క్రాస్‌వర్డ్ మొదలుపెట్టినప్పుడు తొలి సంపాదకురాలు ఆమే. అప్పటికి పెళ్లయి మార్గరెట్ ఫరార్ అయింది. ఎవరూ వద్దనుకున్న పని ఒక ఆడమనిషి ఒళ్లో పడితే, ఆమె దాన్ని శ్రద్ధగా చేసి నిలబెట్టింది. ఇది మనకి తెలియని కథేమీ కాదు.

తెలుగులోకి వచ్చేసరికి దీన్ని శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నారు, ఆరుద్ర గళ్లనుడికట్టు అన్నారు. అంత పెద్ద కవులు గళ్లు కట్టడానికి కూర్చున్నారంటే ఇది చిన్నపని కాదన్నమాట. మన గళ్లకి ఒక సుఖం ఉంది. ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం అంటే ఒక్క హల్లో అచ్చో. మనకి గుణింతాలూ ఒత్తులూ అన్నీ కలిపి ఒకే గడి. "స్త్రీ" అన్న మాట ఒక్క గడిలో పట్టేస్తుంది.

అంతకు ముందే ఆడవాళ్ల కోసం పత్రికలు మొదలయ్యాయి. వీరేశలింగం గారి సతీహితబోధిని 1883లో వచ్చింది. 1902లో వచ్చిన హిందూసుందరికి ఆడవాళ్లే సంపాదకులయ్యారు. అలా అచ్చు కాగితం ఇంట్లోకి వచ్చింది. తర్వాత తర్వాత వారపత్రికలతో పాటు గళ్లూ వచ్చాయి. గురువు దగ్గరికి వెళ్లలేని వాళ్ల దగ్గరికి మాటలే నడిచి వచ్చాయి.

ఇప్పుడు మా అమ్మ కథ. అమ్మ చిన్నప్పుడు వాళ్ల తాతగారు పెద్దమావయ్యకి అమరం చెప్పేవారట. వాళ్లిద్దరూ అరుగు మీద, అమ్మ కిటికీ ఇవతల బియ్యం ఏరుతూ. మావయ్య మధ్యలో మర్చిపోయేవాడు. అమ్మ లోపల్నుంచి అందించేది. "లోపల్నుంచి అందించకు, వాడికి రాకుండా పోతుంది" అని తాతగారు కసిరేవారట. అంతే తప్ప "నువ్వూ రామ్మా, వచ్చి కూర్చో" అనలేదు. ఆయన చెడ్డవారేమీ కాదు, అమ్మంటే ప్రాణం. ఆ ఆలోచనే రాలేదు. అమ్మ నోరు మూసుకుని వినడం నేర్చుకుంది. మావయ్య పెద్దయ్యాక బ్యాంకు ఉద్యోగంలో పడి అమరం అంతా మర్చిపోయాడు. అమ్మకి మాత్రం రసవతి ఇంకా నోటి చివరే ఉంది.

పెళ్లయ్యాక అమ్మకి వారపత్రిక గళ్లు దొరికాయి. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక, మేము బడి నుంచి వచ్చేలోపు, గోడకి ఆనుకుని కూర్చుని పెన్సిలుతో నింపేది. పూర్తయితే కత్తిరించి, కవర్లో పెట్టి, నాన్న చేతికిచ్చి పోస్టు చేయించేది. కింద పేరు రాసే చోట నాన్న పేరు రాసేది. ఒకసారి సరైన సమాధానాలు పంపినవారి జాబితాలో ఆ పేరు అచ్చయింది. నాన్న ఆఫీసులో అందరూ అభినందించారు. నేను ఏడో తరగతిలో మా తెలుగు మేడమ్‌కి ఆ పత్రిక తీసుకెళ్లి చూపించాను. "మా నాన్నగారు గళ్లు బాగా నింపుతారండీ" అన్నాను. పక్కన కూర్చుని అమ్మ నింపుతుండగా కళ్లారా చూసినదాన్ని, నేనే అలా అన్నాను. ఇంటికి వచ్చి చెప్తే అమ్మ నవ్వి ఊరుకుంది.

ఆ సంగతి మొన్న ఫోన్లో ఎత్తాను. "నీ పేరు ఎందుకు రాయలేదమ్మా?" అన్నాను.

"నా పేరు రాస్తే పోస్టుమాన్‌కి ఏం తెలుస్తుందే? ఏమన్నా వస్తే మీ నాన్న పేరైతే ఇంటికి చేరుతుంది" అంది. కాసేపాగి, "అయినా అచ్చులో చూసుకుంటే బాగుండేదనుకో" అంది.

ఆ రెండో మాట నన్ను ఇప్పటిదాకా వదల్లేదు. బి.ఏ.లో అమరకోశ కర్త ఎవరు అంటే ఒక మార్కు ప్రశ్న. నేను రాసి మార్కు తెచ్చుకున్నాను. ఆ పుస్తకం కొంత నోటికి వచ్చిన మనిషి మా ఇంట్లోనే నాకు అన్నం పెడుతోందని అప్పుడు తట్టలేదు.

ఇప్పుడు పర్యాయపదం కావాలంటే మార్గాలు చాలా ఉన్నాయి. జి.ఎన్.రెడ్డి గారి తెలుగు పర్యాయపద నిఘంటువు ఉంది, చెదిరిన చుట్టాల్ని మళ్లీ ఒకచోట చేర్చిన పుస్తకం. ఆంధ్రభారతి సైటులో ఒక మాట కొడితే ఎన్నో నిఘంటువులు ఒకేసారి తెరుచుకుంటాయి. పండితుల పుస్తకాల్లో లేని మాటల కోసం భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల దగ్గరికి మనుషుల్ని పంపి సేకరించారు. అలా 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వచ్చింది. తర్వాత చేనేత పదాలు. పనిచేసే చేతుల దగ్గర మాటలుంటాయని గుర్తించిన పని అది.

ఆ లెక్కన మన చేతుల్లోనూ ఎన్ని లేవు! పోపు, తాలింపు, తిరగమోత. ఒకటే పని, ఇంటికో పేరు. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ. మూడూ నాలుగక్షరాలే, ఊరు మారితే మొదటి రెండు గళ్లో చివరి రెండు గళ్లో మారతాయి. కోడలు ఒక మాట తెస్తుంది, అత్తగారు ఒక మాట అంటుంది, పిల్లలకి రెండూ వస్తాయి. వీటిని మనం రాసుకోకపోతే అమ్మ కిటికీ వెనక నేర్చుకున్న అమరంలా ఎవరికీ తెలియకుండా ఉండిపోతాయి.

అందుకే ఒక పాత డైరీ తీశాను. అమ్మ నోట వచ్చే మాటల్ని అమరంలో లాగే వర్గాలుగా రాస్తున్నాను. వంటింటి వర్గం, పెరటి వర్గం, పురిటి వర్గం, తిట్ల వర్గం. తిట్ల వర్గమే అన్నిటికంటే పెద్దదయ్యేట్టుంది! మా అమ్మాయి ఫోన్లో అమ్మమ్మ గొంతు రికార్డు చేస్తానంది. పేపరు ముట్టుకోని పిల్ల అంత మాట అన్నందుకే నాకు సంతోషం.

ఆ ఆదివారం పజిల్ పూర్తిచేసి పంపించాను. కింద పేరు దగ్గర అమ్మ పేరు రాశాను. ఇంటిపేరు దగ్గర ఆగి, మళ్లీ ఫోన్ చేసి, పుట్టింటిది రాయనా, అత్తింటిది రాయనా అని అడిగాను.

"ముందు నా పేరు సరిగ్గా రాయి. దీర్ఘం మర్చిపోకు" అంది అమ్మ.

మీ ఇళ్లలోనూ ఇలా లోపల్నుంచి అందించిన వాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఈసారి మాట గుర్తుకు రాకపోతే ఫోన్లో వెతికే ముందు వాళ్లని అడిగి చూడండి. వాళ్లు చెప్పిన మాట పక్కన వాళ్ల పేరు కూడా రాసిపెట్టండి.